కొండ పరకలు

కలవడం లేదు. అన్నం తిన్నప్పటి నుంచి గాజుతొట్టి ముందు పీట వేసుకుని చూస్తూనే ఉంది కౌసల్య. చెరువు పరక చేపలు ఎడమవైపు మూలలో తమ పాటికి తాము గుంపుగా తిరుగుతున్నాయి. కొండ పరకలు రాళ్ళ దగ్గర ఒక జట్టుగా, అన్నీ ఒకే వైపు మూతి పెట్టి, ఎవరో గీత గీసి ఇవతలే ఉండండని చెప్పినట్టు నిలబడి ఉన్నాయి. నిన్న మసక వేళ బక్కమ్మ కుండెడు చెరువు పరకలు తెచ్చి తొట్టిలో వదిలినప్పుడు ఎంత తేలికగా అనిపించిందో. ఇవీ వెండి రంగే, అవీ వెండి రంగే, వీటికీ తోక దగ్గర నల్లచుక్క, వాటికీ నల్లచుక్క. తేడా అల్లా కొండవాటి వీపు రెక్కకు నారాయణపేట చీరకు ఉన్నట్టు సన్నటి ఎర్ర అంచు. ఇన్నింటి మధ్య పడితే ఆ అంచు ఎవరికి కనబడుతుంది, జాతరలో పడ్డ మనిషిని ఎవరు వెతికి పట్టుకుంటారు అనుకుంది. తెల్లారేసరికి కలుస్తాయనుకుంది. తెల్లారింది, పొద్దెక్కింది, పొద్దు వాలుతోంది, ఇంకాసేపటికి జీపు వస్తుంది, అవి మాత్రం కలవడం లేదు.

అరచేయి తొట్టి మీద ఆడించింది. నీడ పడగానే మొత్తం చేపలు ఒక్కసారి అదిరి, చెరువువి కొండవి అనే తేడా లేకుండా ఒక్క ముద్దగా దగ్గరపడ్డాయి. హమ్మయ్య అనుకుంది. చేయి తీసింది. ఆ ముద్ద కాసేపు అట్లాగే వణికి, తర్వాత మెల్లగా వదులై, పురి విప్పిన దారంలా పోగులు పోగులుగా విడిపోయి, ఎర్ర అంచువి ఒక్కొక్కటే రాళ్ళ దగ్గరికి చేరుకున్నాయి. భయపడితే కలుస్తాయి, భయం తీరితే విడిపోతాయి. అయితే జీపులో వచ్చే ఆయన కూర్చున్నంతసేపూ వీటిని భయపెడుతూనే ఉండాలి. ఎట్లా? మాటిమాటికీ వచ్చి తొట్టి మీద చేయి ఆడిస్తుంటే ఈమెకేమైందని అనుకోడా? లేక పిల్లి వస్తే బాగుండు. రోజూ ఈ వేళకు గోడ మీద నుంచి దూకి తొట్టి వంక చూసే పిల్లి ఇవాళ ఎక్కడ చచ్చిందో.

నిన్న కూడా ఇదే వేళ. జీపు వీధి మొదట్లో ఆపి, ఒక్క జవానును వెంటబెట్టుకుని నడిచి వచ్చాడు క్యాంపు ఆఫీసరు. పోలీసు యాక్షన్ అయి రెండేళ్ళు దాటినా అచ్చంపేటలో ఖాకీ బట్టలు ఏ వీధిలోకి వచ్చినా ఆ వీధి తలుపులన్నీ చప్పుడు లేకుండా మూసుకుంటాయి. మొదట రజాకార్ల ఖాకీ, ఇప్పుడు వీళ్ళ ఖాకీ. అమ్రాబాదు అడవుల్లో దళాలు ఉన్నన్నాళ్ళూ వీళ్ళుంటారు, వీళ్ళున్నన్నాళ్ళూ ఎవరింట్లో ఎవరు తప్పిపోయారో ఎవరూ ఎవరినీ అడగరు. పంతులుగారు లేరా అన్నాడు గుమ్మంలో నిలబడి. గోదావరి వైపు మాట, మెత్తగా ఉంటుంది, ఆ మెత్తదనమే ఎక్కువ భయం. లేడు, పంతుళ్ళకేదో ట్రెయినింగు అంటే పాలమూరు పోయిండని చెప్పింది. ఇక సోదా చేస్తారనుకుంది. గోడ వారగా కూర్చుని వత్తులు చేసుకుంటున్న అత్త గుర్వమ్మ కూడా అదే అనుకుని పత్తి చాట పక్కకు జరిపింది. ఆయన మాత్రం గదంతా ఒకసారి కలయజూసి, నేరుగా గాజుతొట్టి దగ్గరికి పోయాడు.

"ఈ ఎర్ర అంచువి ఎక్కడివమ్మా?"

"చెరువుల పట్టినయే సార్."

"ఎవరు పట్టారు?"

ఆ ప్రశ్నకు జవాబు కౌసల్య ఆలోచించి చెప్పలేదు. నోరు తనంతట తానే చెప్పింది, పక్కింటి పిల్లను కేకేసినట్టు. "చేపలు అమ్మే బక్కమ్మ సార్."

"ఎప్పుడు తెచ్చింది?"

"పోయిన వారం."

ఆయన వంగి మళ్ళీ తొట్టిలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. "చెరువులో ఇలాంటివి ఉంటాయని నాకు తెలీదు. రేపు ఇదే వేళకు వస్తాను. ఆ బక్కమ్మని కూడా ఉండమనండి," అని వెళ్ళిపోయాడు. బూట్ల చప్పుడు వీధి చివరకు పోయేదాకా కౌసల్య కదల్లేదు. కదిలాక మొదట తోచిన మాట, ఆ చేపలు తెచ్చిన తమ్ముడి పేరు చెప్పలేదు కదా అని. రెండో మాట చాలాసేపటికి గాని తోచలేదు, బక్కమ్మ పేరు చెప్పాను అని.

ఇంకెవరి పేరూ రాలేదా? పోయిన ఎండాకాలం బక్కమ్మ మొగుడు మారయ్యను దళానికి ఎండుచేపలు మోసుకుపోతున్నాడని క్యాంపుకు తీసుకుపోయారు. మూడోనాడు పంపారు. కుడిచేయి మణికట్టు దగ్గర వంకరగా అతుక్కుని ఇప్పటికీ వల విసరలేడు. వల బక్కమ్మే విసురుతోంది, చీర గోచి పెట్టి, మగవాళ్ళ పక్కన, చెరువులో రొమ్ములోతు దిగి. ఇదంతా తెలిసీ ఆ పేరే వచ్చింది నోట్లోకి. రోజూ వాకిట్లోకి వచ్చే మనిషి కాబట్టి వచ్చిందా, లేక ఈమెకు ఏమైనా అడిగేవాళ్ళు లేరని లోపల ఎక్కడో తెలిసే వచ్చిందా? నిన్న సాయంత్రం వాళ్ళ గుడిసె ముందర నిలబడి జరిగింది చెబితే బక్కమ్మ వల చిక్కు తీస్తూ విన్నది. తల ఎత్తలేదు. "నేనే తెచ్చిన అంట, గంతే గద పంతులమ్మా," అంది. ఎక్కడ పట్టినవంటే అని కౌసల్య అడిగితే, "నీళ్ళల్ల పట్టిన అంట. చేపలు నీళ్ళల్ల గాక యాడుంటయి," అని, ఇంకాసేపటికి ఆమే ఉపాయం చెప్పింది, జర ఎక్కువ చేపలు పోద్దాం, గుంపుల కలిసిపోతయి అని. మారయ్య గుడిసె లోపలే ఉన్నాడు. ఆయన మాట్లాడకపోవడం బయటికి వినబడింది.

నీళ్ళు కాస్త మగ్గినట్టున్నాయి. చేపలు ఎక్కువైతే గాలి చాలదు, పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. కౌసల్య చెంబుతో తొట్టిలో నీళ్ళే ముంచి జానెడు ఎత్తు నుంచి మళ్ళీ తొట్టిలోకే పోసింది, బుడగలు లేచాయి. ఇట్లా పోయడం తాసిల్దారు బీబీ నేర్పింది. ఈ తొట్టి ఆమెదే, హైదరాబాదు నుంచి ఎడ్లబండిలో గడ్డి పరిచి తెప్పించుకుంది, మచ్లీఘర్ అనేది. హైదరాబాదు నుంచి వచ్చిన రంగురంగుల చేపలు ఎండాకాలం దాటకుండానే చస్తే, చప్రాసీని చెరువుకు పంపి పరకలు తెప్పించి పోసింది. తాసిల్దారు భార్య, ఇంత ఘోషా, ఇంత మర్యాద, ఎవరూ లెక్కచేయని ఆ పరకల ముందు కూర్చుని సంబరపడేది. ఒక్కదాన్ని పెట్టకు కౌసల్యా, ఒక్కటైతే ఫికర్ తోటే సస్తది, రెండైతే ఒకదాని రెక్కలు ఒకటి కొరుక్కుంటయి, గుంపుండాలె, గుంపుంటేనే మంచిగుంటయి. నీళ్ళన్నీ ఒకసారే మార్చకు. చేదిన నీళ్ళు ఒక పొద్దు ఎండలో పెట్టి, అప్పుడు జర జర పోయ్. సబ్బు చేతులు పెట్టకు. పటాలాలు వచ్చిన ఆ రోజుల్లో భర్తను ఎక్కడికో పట్టుకుపోతే, ముసుగు కట్టిన బండిలో ఎక్కుతూ కూడా ఇవే చెప్పింది. పోయొస్తాననలేదు, మళ్ళీ కలుద్దామనలేదు, పుట్నాలపిండి చిటికెడు వెయ్, ఎక్కువ వేస్తే నీళ్ళు చెడతయి అంది. ఆమె వదిలిన పరకలు పోయిన ఎండాకాలం చచ్చాయి, ఆమె ఎక్కడుందో ఇప్పుడు. ఉంటే ఇప్పుడు అడగాలి, బేగం సాబ్, ఒక గుంపు ఇంకో గుంపులో ఎన్నాళ్ళకు కలుస్తది?

కలవాలంటే ముందు నీళ్ళు కలవాలి. ఆ మాట తమ్ముడితో తనే అన్నది. నెల కిందట, సద్దుల బతుకమ్మ నాడు. ఊళ్ళో ఆడవాళ్ళంతా పూల కోసం, చీరల కోసం హడావిడి పడుతున్న వేళ, ఎండ ఇంకా వాకిట్లోనే ఉండగా దొడ్డితలుపు చప్పుడైంది. పిల్లి అనుకుంది. తీస్తే కిష్టయ్య. గడ్డం, తల మీద దుమ్ము, భుజాన గొంగడి, చేతిలో గుడ్డతో మూతి కట్టిన చిన్న కుండ. దేవరకొండ తాలూకాలోని వాళ్ళ ఊళ్ళో దొర భూమి దున్నేందుకు సంఘంలో చేరి, సంఘం నుంచి దళంలోకి పోయి, ఏడాదిగా ఉన్నాడో పోయాడో తెలియని తమ్ముడు, పండగకు పుట్టింటి నుంచి వచ్చినట్టు కుండ పట్టుకుని నిలబడ్డాడు. అక్కా, నీకోసం తెచ్చిన, కొండ మీద రాతిమడుగుల ఉన్నయి, గింత మంచి చేపలు నువ్వు చూసి ఉండవ్ అన్నాడు. నిన్ను చూసి ఏడవాల్నా, చేపలను చూసి నవ్వాల్నా అంది. వాడు గుడ్డ విప్పి నేరుగా తొట్టిలో కుమ్మరించబోతే చేయి పట్టుకుని ఆపింది. అట్ల పోస్తే సస్తయి తమ్మీ, కొండ నీళ్ళు వేరు, బాయి నీళ్ళు వేరు, ముందు నీళ్ళు కలవాలె. కుండను తొట్టిలో తేలేసి, పెంకు ముక్కతో కొంచెం కొంచెం తొట్టి నీళ్ళు కుండలోకి వంచుతూ కూర్చుంది. వాడు పోవాలంటాడు, చీకటి పడకముందే గుట్ట దాటాలంటాడు. ఈమె కూర్చో అంటుంది. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. తింటూ కుండలోకి చూస్తూ, ఇంకెంతసేపు అక్కా అని చిన్నప్పుడు గుగ్గిళ్ళు ఉడికేటప్పుడు అడిగినట్టే అడిగాడు. ఆడవాళ్ళు బతుకమ్మలు ఎత్తుకుని చెరువుకు పోతున్న పాట వీధిలో వినబడుతుంటే, దీపం పెట్టే వేళకు కుండ వంచింది. ఎర్ర అంచులు ఒక్కొక్కటే తొట్టిలోకి జారాయి. అవి జారాకే వాడు లేచాడు. పోతూ అత్త కాళ్ళకు దండం పెట్టాడు. కళ్ళు సరిగా కనిపించని అత్త ఎవరివి నాయినా అనలేదు, తల మీద చేయి వేసి, పైలం బిడ్డా అంది.

ఆ మడుగు. ఆ చేపలు ఉండేది ఆ ఒక్క మడుగులోనో, ఆ ఒక్క వాగులోనో అయితే? చేపను చూసి నీళ్ళను చెప్పగలిగే మనిషి, నీళ్ళను బట్టి గుట్టను చెప్పగలడు, గుట్ట తెలిస్తే చుట్టూ తుపాకులు పెట్టగలడు. చెరువులో ఇలాంటివి ఉంటాయని తెలీదు అన్నాడు, అంటే ఎక్కడ ఉంటాయో తెలుసనే కదా. పట్టి బావిలో పడేస్తే? ఇప్పటికైనా చేయొచ్చు, చెంబుతో ముంచి దొడ్లోకి పోతే అయిపోతుంది. కాని నిన్న చూసినవి ఇవాళ లేవంటే అడగడా ఎందుకు లేవని? చచ్చిపోయాయంటే, అన్ని చేపల్లో ఎర్ర అంచువే ఎందుకు చచ్చాయని అడగడా? చెంబు చేతిలోకి తీసుకుంది, పెట్టేసింది. మళ్ళీ తీసుకుంది. వాడు అంత దూరం కుండ ఒలకకుండా నడిచి తెచ్చినవి. దారిలో ఎన్నిసార్లు నీళ్ళు మార్చాడో, ఎన్ని చోట్ల కుండ దాచి తను దాక్కున్నాడో. చెంబు పెట్టేసింది.

"కౌసల్యా," అంది గుర్వమ్మ వత్తి నులుముతూ.

"ఏందత్తా."

"బక్కమ్మకు ఇద్దరు ఆడపిల్లలు. ఎరుకేనా?"

"ఎరుకే."

"ఎరుకే ఉంటే సరే," అని ఆమె మళ్ళీ పత్తి అందుకుంది.

సరే అంటే ఏమిటి? ఏం చెయ్యమంటుంది? వాడు నా తమ్ముడు, అమ్మ పోయాక నా చంకనెక్కి తిరిగినవాడు. నల్లగొండలో కోర్టు పెట్టి ఉరిశిక్షలు వేస్తున్నారని విన్నాక రాత్రిళ్ళు వాడి మెడ తప్ప ఇంకేమీ కనబడటం లేదు, చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పటి మచ్చలున్న ఆ మెడ. నన్నేం చెయ్యమంటవు అత్తా అని అరవాలనిపించింది. అరిస్తే చేపలు బెదురుతాయి, బెదిరితే కలుస్తాయి. ఇంత కష్టంలోనూ ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

గుమ్మంలో నీడ. బక్కమ్మ. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది, ఎటో ప్రయాణం పోయేదానిలా. ఇంకా రాలేదా సాబు అని తడుముకోకుండా అడిగి గడప పక్కన కూర్చుంది. పిల్లలను మా అవ్వ దగ్గర ఇడిసొచ్చిన అంది, అడగకుండానే. కౌసల్య ఆమె మొహం వంక చూడలేకపోయింది. అంతలోనే వీధి మొదట్లో జీపు ఆగిన చప్పుడు, వరసగా తలుపులు మూసుకుంటున్న చప్పుడు, బూట్లు.

ఆయన లోపలికి రాగానే చేపలన్నీ ఒక్క ముద్ద అయ్యాయి. ఎత్తు మనిషి, నీడ పెద్దది. కౌసల్య గుండె ఒక్క క్షణం నెమ్మదించింది. కుర్చీ వేసింది. ఆయన కుర్చీ తొట్టికి ఎదురుగా జరుపుకుని, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఏమీ అడగలేదు. ఎవరినీ చూడలేదు. చేపలు నెమ్మది పడాలని తెలిసినట్టు, కదలకుండా, వాటి వంకే చూస్తూ కూర్చున్నాడు. జవాను గుమ్మం దగ్గర నిలబడ్డాడు. గుర్వమ్మ వత్తులు నులుముతూనే ఉంది. చాయ్ పెట్టనా అని అడగాలి, అడిగితే కదలొచ్చు, కదిలితే అవి బెదురుతాయి, కాని కౌసల్య ఉన్నచోటనే నిలబడింది. ముద్ద వదులవుతోంది. ఒకటి విడిపోయింది. పోవద్దు. ఇంకొకటి. పోవద్దు, అక్కడే ఉండు, నీకేం తెలుసు, నువ్వు పోయి ఆ రాళ్ళ దగ్గర నిలబడితే ఏమవుతుందో నీకేం తెలుసు. ఎండ కిటికీలోంచి ఏటవాలుగా తొట్టి మీద పడి నీళ్ళు పచ్చగా మెరుస్తున్నాయి, ఆ వెలుగులో ఎర్ర అంచులు ఒకదాని వెనక ఒకటి రాళ్ళ దగ్గరికి చేరి, ఒకే వైపు మూతి పెట్టి నిలబడ్డాయి. ఇవతల ఉన్నవి ఇవతలే.

"ఇవతలివి నిన్న లేవు," అన్నాడు ఆయన. కోపంగా కాదు. తర్వాత గడప వైపు తిరిగాడు. "నువ్వేనా బక్కమ్మవి?"

"నేనే సార్."

"ఆ ఎర్ర అంచువి నువ్వే తెచ్చావా?"

"నేనే తెచ్చిన."

"ఎప్పుడు?"

"పోయిన వారం."

"ఎక్కడ పట్టావు?"

"వాగుల."

"ఏ వాగు? చూపిస్తావా?"

"చూపిస్త," అంది బక్కమ్మ. లేచి కొంగు నడుముకు దోపింది. అంత మామూలుగా లేచింది, రమ్మంటే వచ్చే మనిషిలా, ఎక్కడికి పోతుందో ఏ వాగు చూపిస్తుందో ఏ ఆలోచనా లేకుండానే. జవాను పక్కకు జరిగి దారిచ్చాడు. ఆమె గడప మీద కాలు పెట్టింది. కౌసల్యకు ఆ కాలు కనబడింది, చెరువు బురద పగుళ్ళలో ఇంకిపోయి ఎంత కడిగినా పోని కాలు. ఇప్పుడు ఆపితే ఆగుతుంది, తర్వాత ఆగదు. తమ్ముడి మెడ, మారయ్య చెయ్యి, ఈ కాలు. ఆలోచించేందుకు ఇంకొంచెం వ్యవధి ఉంటే ఏం చెప్పేదో, ఏ అబద్ధం ఇంకొకటి దొరికేదో. వ్యవధి లేదు.

"ఆమె తేలేదు సార్," అంది. "మా తమ్ముడు తెచ్చిండు. కిష్టయ్య. ఆమెకేం తెల్వదు, నేనే ఆమె పేరు చెప్పిన."

గుర్వమ్మ చేతిలో వత్తి ఆగింది. బక్కమ్మ గడప మీదే నిలబడిపోయింది.

"ఎప్పుడు తెచ్చాడు?"

"సద్దుల నాడు."

"ఏ వేళ?"

"ఎండ వాకిట్ల ఉన్నప్పుడు వచ్చిండు. దీపం పెట్టినంక పోయిండు."

"అంతసేపు ఏం చేశాడు? దళం మనిషి, దాక్కుని వచ్చినవాడు, చేపలిచ్చి పోక అంతసేపు ఎందుకు కూర్చున్నాడు?"

"నేనే కూసోబెట్టిన. నీళ్ళు కలిసేదాక చేపలను వదలొద్దు. కుండను తొట్టిల తేలేసి, జర జర నీళ్ళు పోసుకుంట కూసున్న. గవి తొట్టిలకు పోయినంకనే వాడు లేచిండు."

"దేంతో పోశారు నీళ్ళు?"

ఇదేం ప్రశ్న అనుకుంది. "పెంకు ముక్కతోని."

"ఏం పెట్టారు తినడానికి?"

"జొన్నరొట్టె. పచ్చిపులుసు."

ఆయన టోపీ ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టి, అరచేతులతో మొహం తుడుచుకున్నాడు. అప్పుడు చూస్తే ఆయన కూడా నిద్రలేని మనిషిలా ఉన్నాడు. "మీ తమ్ముడు నాలుగు రోజులుగా మా క్యాంపులోనే ఉన్నాడమ్మా. చలిజ్వరంతో చెంచుల గుడిసెలో పడి ఉంటే తెచ్చారు. సద్దుల నాటి సాయంత్రం దేవరకొండ వైపు ఒక పటేలుని చంపారు. చంపినవాళ్ళలో ఇతనూ ఉన్నాడని ఇద్దరు చెప్పారు. అది రుజువైతే ఉరే. ఆ వేళకి అక్క ఇంట్లో కూర్చుని ఉన్నానంటాడు ఇతను. సాక్ష్యం ఎవరంటే చేపలంటాడు. కుండ, పెంకు ముక్క, రొట్టె, అన్నీ చెప్పాడు."

కౌసల్యకు మాటలు ఒకటొకటిగా చేరుతున్నాయి, దూరం నుంచి. "ముందే చెప్తే..."

"ముందే చెప్పి అడిగితే ఏ అక్క కాదంటుంది? అందుకే చెప్పలేదు. నిన్న మీరు పోయిన వారం అన్నారు. చెరువువి అన్నారు. ఇవాళ ఈమె కూడా పోయిన వారమే అంది. ఇంకొక్క నిమిషం అయితే ఇతను అబద్ధమాడాడని రాసి పంపేవాణ్ణి."

కౌసల్య పీట లాక్కుని కూర్చుంది. తను దాచిందనుకున్నది వాడి ప్రాణం. దాచడం వల్ల పోబోయిందీ అదే. ఆయన ఇంకేదో చెబుతున్నాడు, అడవిలో తిరిగినందుకు జైలు తప్పదని, ఈ హత్య నుంచి మాత్రం పేరు తీసేయమని రాస్తానని, రేపు పొద్దున వచ్చి చూడొచ్చని, తినడానికి ఏమైనా తెమ్మని. లేచి టోపీ పెట్టుకున్నాడు. గడప దగ్గర బక్కమ్మ అడ్డు తొలగలేదు.

"గిట్ల అడుగుడు మీకు వస్తదని నాకెరుక లేకుండె సార్," అంది ఆమె. "నా మొగని చెయ్యి ఇరగ్గొట్టెటప్పుడు గిట్ల ఎవ్వలు అడగలే."

ఆయన ఆగాడు. జవాను నేల చూశాడు. బక్కమ్మ పక్కకు జరిగాకే బయటికి పోయాడు. బూట్ల చప్పుడు, జీపు చప్పుడు, ఆ తర్వాత చాలాసేపటికి గాని వీధిలో తలుపులు తెరుచుకోలేదు. బక్కమ్మ పోతానంది. కౌసల్య ఆమె చేయి పట్టుకుంది, వదలడానికి చేతకాలేదు. పిల్లలు ఎదురుచూస్తరు పంతులమ్మా అని చివరకు బక్కమ్మే మెల్లగా విడిపించుకుంది. ఆ చేపలకు డబ్బులిస్తానని అంటుందేమోనని కాబోలు, వాకిలి దాటేదాకా వెనక్కి చూడలేదు.

మర్నాడు పొద్దున్నే క్యాంపు వెనక వరండాలో కిష్టయ్యను చూపించారు. గోడకు ఆనుకుని కూర్చున్నాడు, కాలికి గొలుసు, ఒంటి మీద ఎవరిదో కంబళి, కళ్ళు పసుపుపచ్చగా. అక్కను చూసి లేవబోయి లేవలేక నవ్వాడు. కౌసల్య మూట విప్పింది. చేయి పెట్టి నుదురు చూసింది, ఇంకా వెచ్చగానే ఉంది. రొట్టె తుంచి ఇస్తే అందుకుని నెమ్మదిగా నమిలాడు. గుటక పడటానికి చాలాసేపు పట్టింది.

"రాత్రి సాబు చెప్పిండు," అన్నాడు. "నువ్వు చెప్పవనుకున్న అక్కా. నన్ను కాపాడనీకె అబద్ధమే చెప్తవనుకున్న. నాలుగు రోజులు గదే భయం నాకు. నిజం చెప్తెనే నేను బతుకుతనని నీకెట్ల తెల్సింది?"

అవును తెలుసు అంటే సరిపోయేది. వాడు జైలుకు పోతూ ఆ మాట వెంట తీసుకుపోయేవాడు. కౌసల్య నీళ్ళ ముంత వాడి చేతికిచ్చింది. తాగేదాకా ఆగింది.

"నాకు తెల్వదు తమ్మీ. నీకోసం చెప్పలే. బక్కమ్మను తీస్కపోతరని చెప్పిన."

కిష్టయ్య నమలడం ఆపి ఆమె మొహంలోకి చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. వరండా చివర సిపాయి బీడీ ముట్టించుకుని అటు తిరిగి నిలబడ్డాడు. కంబళిలోంచి కిష్టయ్య మళ్ళీ చేయి చాపాడు.

"ఇంకో రొట్టె ఉన్నదా అక్కా?" అన్నాడు.